గ్లూకోజ్ గొడవలో పడి రీఫీడింగ్ సగమే చెప్పిన ఎపిసోడ్

వదిన: ఇవాళ రీఫీడింగ్ సిండ్రోమ్. రోజుల తరబడి తిననివాళ్లకి ఒక్కసారిగా తిండి పెడితే వచ్చే ప్రమాదం. ఎవరికి రిస్కో ఆ లిస్టు నువ్వే చెప్పు, నేను చెప్తే ఫాస్ఫరస్ దగ్గరే ఆగిపోతా.

మరిది: అప్పుడే వచ్చేసింది ఫాస్ఫరస్! (నవ్వు) బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ (NICE) వాళ్లు 2006లో చెప్పిన లెక్క ఇది. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 16 కన్నా తక్కువ, మూడు నుంచి ఆరు నెలల్లో బరువు 15 శాతం పైగా తగ్గడం, పది రోజులకు పైగా తిండి దాదాపు లేకపోవడం, పెట్టకముందే పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్ తక్కువ ఉండటం. ఒక్కటున్నా రిస్కే. మన వార్డుల్లో చూస్తే టీబీ, గొంతు క్యాన్సర్, బాగా మందు తాగేవాళ్లు, ఒంటరి ముసలాళ్లు. అయిపోయింది.

వదిన: మరి బీఎంఐ 18.5 కన్నా తక్కువ, ఐదు రోజులకు పైగా తిండి లేకపోవడం, ఆ లెక్క?

మరిది: అవి ఒక్కటుంటే చాలదు, కనీసం రెండు కలవాలి, వదిలెయ్. గ్లూకోజ్ సంగతి తియ్యి, పొద్దున్నుంచి దాని మీదేగా కోపం.

వదిన: ఉండదా మరి! రెండు వారాలుగా ముద్ద దిగని మనిషిని గల్లీ క్లినిక్‌కి తీసుకెళ్లి "నీరసంగున్నడు, గ్లూకోజ్ ఎక్కియ్యండి" అనడం, వాళ్లు ఎక్కించడం.

మరిది: అర లీటరు ఐదు శాతం బాటిల్‌లో ఉండేది 25 గ్రాములు. ఐదారు చెంచాల చక్కెర. దానికింత గోలా?

వదిన: ఒక్కటైతే సరే, రోజుకి మూడు నాలుగు పెడుతుంటే? తిండి లేనన్నాళ్లూ ఒంట్లో ఇన్సులిన్ తక్కువ, కొవ్వు కరిగించుకుని బతుకుతున్నాడు. పిండిపదార్థం పడగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో ఉన్న ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పుతుంది, ఊపిరి తీసే కండరాలు నీరసిస్తాయి. థయమిన్, అంటే బీ1 విటమిన్, అది కూడా ఉన్న కాస్తా ఖర్చయిపోతుంది. అప్పుడు చూపు తేడా, తూలడం, మతి తప్పడం.

మరిది: కానీ షుగర్ 40కి పడిపోయినవాడికి థయమిన్ వచ్చేదాకా గ్లూకోజ్ ఆపుతావా?

వదిన: ఆపమని ఎప్పుడన్నాను? షుగర్ పడితే వెంటనే ఇవ్వాలి, థయమిన్ కూడా అప్పుడే ఇవ్వాలి. నువ్వెప్పుడూ ఎమర్జెన్సీ కేసు తెచ్చి గెలవాలని చూస్తావు.

మరిది: డ్యూటీ అక్కడ కదా వదినా, తప్పదు.

వదిన: ఇంకోటి. తిండి మొదలెట్టాక మూడో రోజుకి రెండు కిలోలు పెరిగితే ఇంట్లోవాళ్లు "ఒళ్లు పట్టింది" అని సంబరపడతారు. అంత తొందరగా కండ పట్టదు, అది నీరు. కాళ్లు నొక్కి చూడండి, గుంట పడుతుంది. ఆయాసం, గుండె దడ, కొత్తగా తికమక ఉంటే వెంటనే చెప్పండి. మొదటి ఐదు రోజులూ జాగ్రత్త. రక్తపరీక్ష చీటీలో "ఎలక్ట్రోలైట్స్" అని రాస్తే చాలా ల్యాబుల్లో సోడియం, పొటాషియం, క్లోరైడే వస్తాయి. ఫాస్ఫరస్, అంటే ఆ ఫాస్ఫేట్ పరీక్షే, విడిగా రాయాలి!

మరిది: మూడోసారి. మెగ్నీషియం పాపం ఏం చేసింది?

వదిన: అదీ రాయండి.

మరిది: మొదలెట్టేది కిలోకి 10 క్యాలరీలతో, అంటే 40 కిలోల మనిషికి రోజంతటికీ 400. ప్లేటు బిర్యానీ దాన్ని ఒక్క పూటలో దాటేస్తుంది. డబ్బా మోసుకొచ్చిన పెద్దమ్మకి ఏం చెప్తావ్?

వదిన: అదే కష్టం రా. ఆమె దృష్టిలో నేనే తిండి పెట్టనివ్వని రాక్షసిని. రోజూ రక్తం చూసుకుంటూ మెల్లగా పెంచుతామని ఎంత చెప్పినా...

మరిది: ఉండు, వార్డు నుంచి ఫోన్.

వదిన: ఎత్తు, నేను ఆపేస్తున్నా.