అది కూడా రాయండి

అందరికీ నమస్కారం. నాకు భోజనాల తరవాత సెషన్ ఇచ్చారు, లైట్లు ఆర్పితే సగం మంది నిద్రపోతారని తెలుసు కాబట్టి స్లైడ్లు తేలేదు. క్యాన్సర్ రాకుండా ముందే అండాశయాలు తీయించుకోమని ఆడవాళ్లకి మన డాక్టర్లం ఎలా చెప్పాలన్నది నా విషయం. దానికోసం ఒక ప్లాస్టిక్ కవరు గురించి చెప్తాను.

మన ఓపీకి వచ్చే ఆడవాళ్ల చేతిలో ఉంటుంది చూడండి, బట్టల షాపు కవరు, అందులో పదేళ్ల కాగితాలు. అలాంటి కవరుతో ఒకావిడ వచ్చింది, 41 ఏళ్లు. అమ్మ అండాశయ క్యాన్సర్‌తో పోయింది, చెల్లెలికి రొమ్ము క్యాన్సర్ వస్తే జీన్ టెస్టు చేశారు, బీఆర్‌సీఏ1 అనే జీన్‌లో, రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే మార్పు బయటపడింది. తల్లికో తండ్రికో ఆ మార్పు ఉంటే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం, అందుకని అక్కకీ చేయించారు. ఈవిడకీ ఉంది. నేనింకా మొదలుపెట్టనే లేదు, "నాకా భయం లేదు డాక్టరమ్మా, పదేళ్ల కిందే అన్నీ తీసేశారు" అంది.

అన్నీ అంటే ఏమేమి? కవరంతా వెతికితే దొరికిన డిశ్చార్జి కాగితంలో ఉన్నది ఒకే ముక్క, గర్భసంచి ఆపరేషన్ అని. స్కానింగ్ చేస్తే రెండు అండాశయాలూ లోపలే ఉన్నాయి.

ఇలాంటి కవర్లు మన దగ్గర చాలా ఉన్నాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల వాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 చిల్లర అయితే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8 దగ్గర. తెల్లబట్టకీ నడుం నొప్పికీ తీసేసిన రోజులు మనకి తెలియనివా? "తీసేస్తే పీడ పోతుంది" అన్నది మనమే. ఇప్పుడు అదే నోటితో, ఏ జబ్బూ లేని మనిషిని కూర్చోబెట్టి అండాశయాలు తీయించుకోమ్మా అంటే ఆవిడ ఎందుకు నమ్మాలి? నా దృష్టిలో మన కౌన్సెలింగ్ అంతా ఈ ఒక్క ప్రశ్నకి జవాబే.

శాతాలు చెప్తే తలాడిస్తారు, బయటికెళ్లి సిస్టర్‌ని "మేడమ్ ఏమన్నారు?" అని అడుగుతారు. అందుకే నా టేబుల్ సొరుగులో వంద చింతపిక్కలు పెట్టుకున్నాను, అష్టాచెమ్మాకి అరగదీసినట్టు ఒకవైపు తెల్లగా అరగదీసినవి. పళ్లెంలో పోసి, వీళ్లంతా మీలాంటి మార్పు ఉన్నవాళ్లు అనుకోండి అని, 44 పిక్కలు తెల్లవైపు తిప్పుతాను. 80 ఏళ్లు వచ్చేలోపు అండాశయ క్యాన్సర్ వచ్చేది సుమారు ఇంతమందికి. బీఆర్‌సీఏ2 అనే ఇంకో జీన్‌లో మార్పు అయితే 17. ఏ మార్పూ లేనివాళ్లయితే ఒకటి, అంతే. ఆపరేషన్ చేయించుకుంటే ఎలా ఉంటుందో చూపించడానికి తెల్లవాటిని ఒక్కొక్కటే బోర్లిస్తూ వస్తే చివరికి పదిలోపు మిగులుతాయి. అవెందుకు మిగిలాయని అడగకపోయినా నేనే చెప్తాను: పొట్ట లోపల అవయవాల్ని కప్పి ఉండే పొరలో వచ్చే అవకాశం కొంత ఉంటుంది, ఒక్కోసారి ఆపరేషన్ నాటికే మొదలై ఉండొచ్చు కూడా. సున్నా అని మాత్రం ఎప్పుడూ చెప్పకండి.

"మరి ఏటా స్కానింగ్ చేయించుకుంటే చాలదా?" అని అడగనివాళ్లు లేరు. బ్రిటన్‌లో 2 లక్షల పైచిలుకు ఆడవాళ్లతో, మామూలు ముప్పు ఉన్నవాళ్లతోనే లెండి, సీఏ-125 రక్తపరీక్ష, స్కానింగ్‌ల మీద ఏళ్ల తరబడి పెద్ద అధ్యయనం చేశారు. 2021లో తేలింది ఏమిటంటే చావులు తగ్గలేదు. ముప్పు ఎక్కువున్న వాళ్లలోనూ తగ్గుతాయనడానికి రుజువు లేదు. ఈ క్యాన్సర్ చాలాసార్లు ఫాలోపియన్ ట్యూబు, అంటే అండం గర్భసంచికి చేరే గొట్టం, దాని చివర కుచ్చులా ఉంటుందే, అక్కడ మొదలవుతుంది, స్కానింగ్‌కి కనపడేసరికే పాకిపోయి ఉంటుంది. ట్యూబులు కూడా తీసేది అందుకే. అన్నట్టు, తీసిన భాగాల్ని పరీక్షకి పంపే పాథాలజీ ఫారం మీద బీఆర్‌సీఏ కేసు అని రాయండి, లేకపోతే ఆ కుచ్చుని సన్నగా కోసి చూడాలని వాళ్లకెలా తెలుస్తుంది? ట్యూబులు ముందు, అండాశయాలు కొన్నేళ్ల తరవాత తీసే పద్ధతిని నెదర్లాండ్స్‌లో, బ్రిటన్‌లో పరీక్షిస్తున్నారు. అడిగితే చెప్పండి గానీ రుజువైపోయినట్టు చెప్పకండి.

మనం తొందరపడేది ఇక్కడ. చిన్న గాట్లే, రేపు ఇంటికెళ్లిపోవచ్చు అని హుషారుగా చెప్పేస్తాం. నలభై ఏళ్ల మనిషికి ముట్లుడగడం ఒక్కరోజులో వచ్చి మీద పడుతుందని చెప్పడానికి మాత్రం మనకి టైముండదు. ఒంట్లోంచి ఆవిర్లు, అర్ధరాత్రి జాకెట్టు తడిసేంత చెమట, కింద పొడిబారి భర్త దగ్గరికి వస్తే నొప్పి, ఎముకలు గుల్లబారడం, గుండె సంగతి. రొమ్ము క్యాన్సర్ రానివాళ్లకి 50 ఏళ్ల దాకా హార్మోన్ మందులు ఇవ్వొచ్చు, గర్భసంచి లేకపోతే ఈస్ట్రోజెన్ ఒక్కటి చాలు. ఇదంతా ఆపరేషన్ ముందు చెప్పాలి, కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు కాదు.

ఫోన్‌లో చదువుకొచ్చే అమ్మాయిలు హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ పేరు చెప్తారు. ఆవిడ 2015లో, 39 ఏళ్లకి, పిల్లలు పుట్టాక చేయించుకుంది. పెళ్లికాని ఇరవై ఏడేళ్ల పిల్లకి ఇప్పుడే ఈ ఆపరేషన్ టెన్షన్ అక్కర్లేదు. బీఆర్‌సీఏ1కి పిల్లలు అయ్యాక 35-40 మధ్య అంటున్నాం, బీఆర్‌సీఏ2కి 40-45 దాకా ఆగొచ్చు.

ఇంకొకటి, గదిలోంచి భర్తనీ అత్తగారినీ ఓ పది నిమిషాలు బయటికి పంపండి. మా కవరు ఆవిడ అప్పుడే అసలు సంగతి చెప్పింది: ఈ టెస్టు సంగతి బయటికి తెలిస్తే కూతురికి సంబంధాలు వస్తాయా అని. ఆపరేషన్ భయం కంటే అదే ఎక్కువ ఆవిడకి. ఎవరికి చెప్పాలో మీ ఇష్టమమ్మా, మేం ఎవరికీ చెప్పం, పిల్లకి పాతికేళ్లు వచ్చాక తనే నిర్ణయించుకుంటుంది అన్నాను.

మూడుసార్లు వచ్చింది. మూడోసారి పిక్కలు తనే తిప్పుకుంది. కూతురి ఇంటర్ పరీక్షలు అయ్యాక ఒక తేదీ అనుకున్నాం. ఈసారి ఏమేం తీస్తారో తెలుగులో రాసిమ్మంది. "రెండు అండాశయాలు, రెండు ట్యూబులు. గర్భసంచి ఇంతకుముందే తీశారు" అని రాసి సంతకం పెట్టాను. చదువుకుని, "ట్యూబులు పోయినసారి తీయలేదా?" అంది. తెలీదమ్మా, మీ కాగితంలో లేదు, లోపల చూస్తేనే తెలుస్తుంది అన్నాను.

"అది కూడా రాయండి" అంది. రాశాను. మడిచి కవర్లో పెట్టుకుంది.