కథ ఎవరు చెబుతున్నారు?

శ్రోతలకు నమస్కారం.

తెలుగు పాఠం ముగిశాక పిల్లలకు తరచుగా ఎదురయ్యే ప్రశ్నల్లో ఒకటి, ఈ కథ ఉత్తమ పురుషలో ఉందా, ప్రథమ పురుషలో ఉందా అన్నది. ‘నేను’ కనిపిస్తే ఉత్తమ పురుష, ‘అతడు’, ‘ఆమె’ కనిపిస్తే ప్రథమ పురుష అని పిల్లలు క్షణంలో రాసేస్తారు, మార్కూ పడుతుంది. పాత్రలు, స్థలకాలాలు, సంఘర్షణ, ముగింపు అనే కథాంగాలను మరో ప్రశ్న కింద విడిగా రాయిస్తాం. ఈ రెండు ప్రశ్నలకూ మధ్య ఉన్న సంబంధాన్ని మాత్రం చాలాసార్లు వదిలేస్తాం. కథ చెప్పేవారు మారితే కథ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ జరగాలో, అందులో పెనుగులాట దేనితోనో, అన్నీ మారతాయి. దృష్టికోణం, అంటే కథను ఎవరి కంటితో చూపిస్తున్నారన్నది, బోధించడమంటే పిల్లలకు ఈ సంగతి అనుభవంలోకి తీసుకురావడమేనని నా గట్టి నమ్మకం.

గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ను తీసుకుందాం. 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వచ్చిన ఈ కథ ఒక పీరియడ్‌లో చదివి ముగించగలిగినంత చిన్నది. సానుల ఆటపాటల మోజులో రాత్రుళ్లు బయట గడిపే గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చి తలుపు తడతాడు. లోపల భార్య కమలిని కనిపించదు. అతను ఇల్లంతా వెతుకుతాడు, నౌకరు రాముడి మీద విరుచుకుపడతాడు, చివరికి పుట్టింటికి వెళ్లిపోతున్నానని ఆమె రాసిపెట్టిన ఉత్తరం చదివి కుంగిపోతాడు. ఇంతకూ కమలిని మంచం కిందే ఉందని ఆమె నవ్వూ, నగల చప్పుడూ మనకు చెబుతాయి.

ఇది ప్రథమ పురుష కథనమని చెప్పి ఊరుకుంటే పిల్లవాడికి తెలిసింది చాలా తక్కువ. కథకుడు గోపాలరావుతోపాటే గదిలోకి వస్తాడు, అతను చూసిందే చూస్తాడు, అతని మనసులోని మాటలు వినిపిస్తాడు, కానీ ఒక్కసారైనా మంచం కిందికి వంగి చూడడు. అందుకే కమలిని పుట్టింటికి వెళ్లిపోయిందని గోపాలరావుతోపాటు మనమూ నమ్ముతాం. కథలోని ఉత్కంఠ అంతా కథకుడు ఎక్కడ నిలబడ్డాడన్న దానిమీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడు ఇదే కథను కమలిని చేత చెప్పించమని పిల్లలను అడగాలి. ఆమె ఎక్కడ ఉందో మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది కనుక పాత ఉత్కంఠ నిలవదు. దాని స్థానంలో, ఉత్తరం చదివాక ఇతనిలో మార్పు వస్తుందా, రాదా అన్న కొత్త ఆరాటం పుడుతుంది. స్థలం ఇల్లంతా కాదు, మంచం కింది చీకటి. ఆమెకు కనిపించేవి అతని పాదాలే. కాలం కూడా ఆ ఒక్క రాత్రితో సరిపోదు, భర్త కోసం ఒంటరిగా ఎదురుచూసిన వెనుకటి రాత్రుల నుంచి మొదలుపెట్టాలి. మరి రాముడు చెబితే? అతనికి ముందే ఎంత తెలుసన్న దానిపై తరగతిలో వాదన జరగనివ్వాలి. ఎవరు ఏమన్నా కథలోని వాక్యం చూపించి అనాలన్న నియమం మాత్రం సడలించకూడదు. చెప్పేవారికి ఏం తెలుసు, ఏది తెలిసే వీలు లేదు, తెలిసీ మనకు ఏం చెప్పడం లేదు అన్న ప్రశ్నలు అలవాటైతే పిల్లలు ఏ రెండు కథలనైనా పోల్చగలరు.

మన ఇళ్లలోని పాటల్లోనూ ఇందుకు చక్కని ఉదాహరణ ఉంది. రామాయణ కథ రాముడి వెంట అడవికి నడుస్తుంది, లక్ష్మణుడూ అతని వెంటే వెళతాడు, ఊర్మిళ అంతఃపురంలో ఉండిపోతుంది. ‘ఊర్మిళాదేవి నిద్ర’ అనే స్త్రీల పాట మాత్రం ఆమె గది తలుపు తెరుస్తుంది. పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఆమె, తిరిగి వచ్చిన భర్తను పోల్చుకోలేక పరాయి మగవాడనుకుని మందలిస్తుంది. పరస్త్రీని కోరిన ఇంద్రుడికీ రావణుడికీ ఏ గతి పట్టిందో గుర్తుచేస్తుంది. పాత్రలు అవే, వనవాసం అదే. అడవి నుంచి చూస్తే యుద్ధం పెద్ద సంఘటన, ఈ గది నుంచి చూస్తే ఒక భార్యాభర్తలు మళ్లీ ఒకరినొకరు గుర్తుపట్టడమే పెద్ద సంఘటన. బడిలో ఈ పాట వినిపించడం కష్టమేమీ కాదు, తెలిసిన అమ్మమ్మలు ఇంకా ఉన్నారు.

చదివింది పోల్చడం వచ్చాక రాయించాలి. అందుకు విశాఖపట్నం పిల్లలకు హుద్‌హుద్ తుపానును మించిన వస్తువు నాకు తోచలేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం, గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలి ఈ నగరం మీద విరుచుకుపడింది. విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది, కైలాసగిరి మీద చెట్లు నేలకూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఇప్పుడు బడిలో ఉన్న చాలామంది పిల్లలు అప్పటికి పుట్టనేలేదు. వాళ్లు పెద్దలను అడిగి తెలుసుకోక తప్పదు, అడిగిన ప్రతి ఇంట్లోనూ తుపాను వేరే చోట మొదలవుతుంది. జాలరిపేట తాతగారి కథ, హెచ్చరిక విని పడవను ఇసుకలో పైకి లాగిన రోజున మొదలవుతుంది. అపార్ట్‌మెంట్ గృహిణి కథ కిటికీ అద్దం పగిలిన క్షణాన మొదలవుతుంది. విద్యుత్ లైన్‌మన్ కథ గాలి ఆగాకే మొదలవుతుంది, తక్కినవారికి ముగిసిన చోట.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు లైన్‌మన్ గొంతుతో రాస్తూ, సముద్రం ఎలా ఉప్పొంగిందో ఒక పేరా నిండా వర్ణించింది. చక్కని తెలుగు. ఆ సమయంలో ఈయన ఎక్కడున్నాడమ్మా అని అడిగితే, గాజువాక సబ్‌స్టేషన్‌లో అంది. అక్కడి నుంచి సముద్రం కనిపిస్తుందా అని తోటి పిల్లవాడే అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించి, పేరా మొత్తం కొట్టేసి, రేకుల కప్పు గాలికి కొట్టుకునే చప్పుడు గురించి రాసింది. దృష్టికోణం అంటే ఏమిటో ఆ అమ్మాయికి ఇక ఎవరూ నిర్వచనం చెప్పనవసరం లేదు.

ఉపాధ్యాయులకు ఒక మాట. ‘నేను’ అని కథ చెప్పే ప్రతివారినీ పిల్లలు రచయితే అనుకుంటారు, పైగా ఎవరు కథ చెబితే వారి పక్షమే వహిస్తారు. ‘దిద్దుబాటు’లో గోపాలరావు దుఃఖం చదివి జాలిపడిన పిల్లలే, కమలిని కథనం రాశాక ఆ జాలి ఎక్కడి నుంచి వచ్చిందని తమను తాము ప్రశ్నించుకోవడం మొదలుపెడతారు. అందుకే రెండో కథనం పూర్తయ్యాక మొదటిదాన్ని తప్పనిసరిగా మళ్లీ చదివించాలి. దానికి మరో పీరియడ్ ఖర్చయినా ఫరవాలేదు.

ఇక తల్లిదండ్రులకు, తాతయ్యలకు, అమ్మమ్మలకు నా విన్నపం. పిల్లలు నోటుపుస్తకం పట్టుకుని హుద్‌హుద్ గురించి అడిగినప్పుడు, తరువాత టీవీలో చూసినదీ పేపర్లో చదివినదీ కలపకుండా, ఆ రోజు మీరున్న చోటి నుంచి మీరు చూసినదీ విన్నదీ మాత్రమే చెప్పండి. మీ ఇంట్లో ఇద్దరి జ్ఞాపకాలు కలవకపోతే సర్దిచెప్పకండి, రెండూ రాసుకోనివ్వండి. మరునాడు తరగతిలో వాళ్లకు కావలసింది ఆ తేడాయే.

నమస్కారం.