ముందు వికారం తగ్గాలి, తర్వాతే ముద్ద

అందరికీ నమస్కారం. వేపేరి పశువైద్య కాలేజీ ఆసుపత్రికి వెళ్ళినా, వీధి చివర క్లినిక్‌కి వచ్చినా, క్యాన్సర్‌కి కీమో మందులు నడుస్తున్న కుక్క ఇంటివాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "డాక్టరుగారూ, ఏం పెడితే తింటుంది?" చికెన్ పెట్టాం, పెరుగన్నం పెట్టాం, చేత్తో తినిపించబోతే ఉమ్మేస్తోంది అంటారు. నేను తిరిగి అడుగుతాను: గిన్నె దగ్గరికి వచ్చి అది ఏం చేస్తోంది?

కొన్ని పడుకున్న చోటు నుంచి లేవనే లేవవు. కొన్ని మాత్రం తోకూపుకుంటూ వస్తాయి, వాసన చూస్తాయి, పెదాలు నాక్కుంటాయి, ఊరికే గుటకలు మింగుతాయి, చొంగ కారుతుంది, మొహం తిప్పేసుకుంటాయి. ఆ కుక్కకి తినాలనే ఉంది, వికారం తిననివ్వడం లేదు. దానికి వంట మార్చి లాభం లేదు, మందు కావాలి. మారోపిటెంట్, ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటివి వికారం తగ్గిస్తాయి. మిర్టాజపిన్ ఆకలి కూడా పెంచుతుంది. డాక్సోరూబిసిన్ అనే కీమో మందు ఎక్కించాక సాధారణంగా 2 నుంచి 5 రోజుల మధ్య కడుపు తిప్పుతుంది కాబట్టి, వికారం తగ్గించే మాత్రలు ఇంజెక్షన్ రోజే అడిగి తీసుకెళ్ళండి. మోతాదు మాత్రం డాక్టరే చెప్పాలి. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ జోలికి అసలు వెళ్ళకండి.

మాంబళంలో ఒక ల్యాబ్రడార్ ఉండేది. చికెన్ లివర్ అంటే ప్రాణం. వాంతులవుతున్న రోజున ఆ ఇంటి అమ్మగారు ప్రేమకొద్దీ అదే ఉడికించి, మాత్రను అందులోనే దాచి పెట్టారు. నాలుగు ముక్కలు తిని కక్కేసింది. ఆ తర్వాత వారానికి ఒళ్ళు కుదుటపడింది, బిస్కెట్లు తింది, అన్నం తింది, లివర్ వాసన వస్తే మాత్రం వంటింటి గుమ్మం దాటి అవతలికి పోయేది. కడుపు తిప్పినప్పుడు ఏది తిన్నాయో దాన్ని కుక్కలు చాలాకాలం గుర్తుంచుకుంటాయి. అందుకే బాగాలేని రోజున ఇష్టమైనది బయటికి తీయకండి, దాచుకోండి. నోరు తెరిచి కుక్కడం అంతకన్నా చెడ్డది. తిండి గొంతుకి అడ్డం పడొచ్చు, మిమ్మల్ని చూస్తేనే భయపడొచ్చు.

వికారం తగ్గాక ఆహారం సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసింది గోరువెచ్చగా చేస్తే వాసన లేస్తుంది, కుక్కకి రుచికన్నా వాసనే ముఖ్యం. మైక్రోవేవ్‌లో పెడితే బాగా కలిపి, మధ్యలో వేలు పెట్టి చూడండి. రోజుకి నాలుగైదుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. మన చెన్నై ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నం ఆరోగ్యంగా ఉన్న కుక్కే తినదు. తెల్లవారుజామున, పొద్దుగూకాక ప్రయత్నించండి. తినకపోతే అరగంటలో గిన్నె తీసేయండి. కీమో తర్వాత వారం పది రోజులకి రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి, అప్పుడు పాడైన తిండి ప్రమాదం. పచ్చి మాంసం, పచ్చి గుడ్డు కూడా వద్దు.

మన ఇళ్ళలో నేను భయపడేది సాంబారుకి. ఇడ్లీ మీద సాంబారు పోస్తే ఆబగా తింటోందని సంబరపడతారు. అందులో చిన్నుల్లిపాయలుంటాయి. ఉడికినా సరే ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. కేసరిలో ఎండుద్రాక్ష మూత్రపిండాలకి చేటు. తాలింపు లేని పెరుగన్నం, ఉప్పూ ఉల్లీ లేకుండా ఉడికించిన చికెన్, దాని నీళ్ళు, ఉడికిన గుడ్డు పెట్టొచ్చు. శాకాహారుల ఇళ్ళలో బాల్కనీలో వేరే స్టవ్ పెట్టి గుడ్డు ఉడికించేవాళ్ళను చూశాను, వాళ్ళకి నా దండం. క్యాన్సర్‌కి పిండిపదార్థం పడదని ఎవరో చెప్పారని అన్నం ఆపేయకండి. తినని కుక్కకి పథ్యం పెట్టకూడదు.

లెక్క కూడా చూడాలి. 20 కిలోల కుక్కకి ఊరికే పడుకున్నా రోజుకి దాదాపు 670 కేలరీలు కావాలి. ఒక గుడ్డులో సుమారు 70 ఉంటాయి. రెండు ముద్దలు తిందని తృప్తిపడితే రెండు వారాల్లో వెన్నెముక చేతికి తగులుతుంది. వారానికోసారి తూకం వేయించండి. 24 గంటలు ఏమీ ముట్టకపోతే, వాంతులు ఆగకపోతే, ఒళ్ళు 103 ఫారన్‌హీట్ దాటితే తెల్లారేదాకా ఆగకండి, ఫోన్ చేయండి.

తిండి ఎక్కించే గొట్టం మాట ఎత్తితే చాలామంది ఏడ్చేస్తారు, ఇక అయిపోయిందనుకుంటారు. మెడ పక్కనుంచి అన్నవాహికలోకి వేసే గొట్టంతో కుక్క తిరుగుతుంది, నోటితోనూ తింటుంది. మందులు కూడా అందులోంచే వెళ్ళిపోతాయి, రోజూ మాత్ర కోసం పెనుగులాట ఉండదు. అవసరం తీరాక తీసేస్తాం. చిక్కి శల్యమయ్యాక కాదు, బరువు తగ్గడం మొదలైనప్పుడే దీని గురించి డాక్టరుతో మాట్లాడండి. జబ్బు చివరికి వచ్చేసిన కుక్క విషయం వేరు, అక్కడ నేను గొట్టం కోసం పట్టుబట్టను. నొప్పి లేకుండా చూస్తాను, అడిగింది పెట్టమంటాను.

మందుల చీటీలు తెచ్చినవాళ్ళు ముందు వరుసలోకి రండి, ఒక్కొక్కటీ చూద్దాం.