సెయింట్ మేరీస్‌లో సీటొచ్చిందా? ముందు ఏ ఊరిదో చూడండి!

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇప్పుడు ఇండియానాలో నోటర్ డేమ్ యూనివర్సిటీ ముందున్నాం. "మా పాపకి సెయింట్ మేరీస్‌లో సీటొచ్చింది, ఎలా ఉంటుందక్కా?" అని చాలామంది మెసేజ్ పెడుతున్నారు. ఏ ఊరి సెయింట్ మేరీస్ అని మాత్రం ఎవరూ రాయట్లేదు! అందుకే ఈ వీడియో.

అదిగో, బంగారు గోపురం కనిపిస్తోందా? పైన నిలబడింది మరియమాత. విగ్రహం 19 అడుగులు, బరువు సుమారు 1,800 కిలోలు. గోపురానికి వేసింది పెయింట్ కాదండీ, అసలైన బంగారు రేకు. వెలిసిపోయినప్పుడల్లా మళ్లీ అద్దుతారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఫాదర్ సోరిన్ 1842లో ఈ విద్యాసంస్థ పెట్టి, సరస్సు పక్కన ఉంది కాబట్టి 'నోటర్ డేమ్ డ్యూ లాక్' అన్నారు. మన మాటలో సరస్సు మాత. 1879 ఏప్రిల్‌లో పెద్ద బిల్డింగ్ మొత్తం కాలిపోతే, సెప్టెంబరుకల్లా కొత్తది లేపేశారు. ఎంత పట్టుదలో చూడండి!

ఇక అసలు విషయం. 933 రోడ్డు దాటితే సెయింట్ మేరీస్ కాలేజీ. 1844లో మొదలైంది, డిగ్రీకి అమ్మాయిలే. యూనివర్సిటీ వేరు, ఇది వేరు, అప్లికేషన్ వేరు. కానీ రెండింటి అడ్రసులోనూ ఊరు 'నోటర్ డేమ్', జిప్ కోడ్ 46556. పక్కనున్న హోలీ క్రాస్ కాలేజీదీ అదే జిప్. కొరియర్ పంపితే కాలేజీ పేరు, ఆఫీసు పేరు పూర్తిగా రాయాల్సిందే.

ఇదే పేరుతో కాలిఫోర్నియా మొరాగాలో ఒకటి, టెక్సస్ శాన్ ఆంటోనియోలో ఒకటి, మిన్నెసోటాలో ఇంకొకటి ఉన్నాయి. ఇంగ్లిష్‌లో ఇండియానా వాళ్లు 'Saint' అని పూర్తిగా రాస్తారు, టెక్సస్ వాళ్లు 'St.' అని రెండక్షరాలు, ఒక చుక్క. వెతికేటప్పుడు రెండు రకాలుగానూ కొట్టండి. మేరీలాండ్‌లో ఉన్న సెయింట్ మేరీస్ కాలేజీ అయితే అసలు క్యాథలిక్కే కాదు, గవర్నమెంటు కాలేజీ. ఆ ఊరి పేరే సెయింట్ మేరీస్ సిటీ. వర్జీనియాలోని విలియమ్ అండ్ మేరీ కూడా అంతే, ఆ మేరీ ఇంగ్లండ్ రాణి.

టోఫెల్, శాట్ లాంటి పరీక్షల స్కోరు తప్పు కాలేజీకి వెళ్తే వెనక్కి రాదు, మళ్లీ పంపాలంటే మళ్లీ ఫీజు. ఐ-20, అంటే స్టూడెంట్ వీసా కోసం కాలేజీ పంపే ఫారం, రాగానే కాలేజీ పేరు, ఊరు, స్కూల్ కోడ్ మూడూ ఆఫర్ లెటర్‌తో పోల్చి చూసుకోండి. ఆ కోడ్ చూసే సెవిస్ ఫీజు, అంటే వీసాకి ముందు అమెరికా ప్రభుత్వానికి కట్టే ఫీజు, 350 డాలర్లు కడతారు. కట్టేముందు ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవండి.

పేరులో మేరీ లేకపోయినా మరియమాత పేరే అయిన కాలేజీలూ ఉన్నాయి. పెన్సిల్వేనియాలో ఇమ్మాక్యులాటా అంటే అమలోద్భవి మాత. మసాచుసెట్స్ వూస్టర్‌లో అజంప్షన్ అంటే మోక్షారోపణ, మన ఆగస్టు 15 పండగే. 'లూర్డ్స్' అని కనిపిస్తే మన లూర్దు మాతే.

లూర్దు అంటే గుర్తొచ్చింది, నోటర్ డేమ్ యూనివర్సిటీ చర్చి వెనక్కి రండి. ఇదే ఫ్రాన్స్‌లోని లూర్దు గుహకి నమూనా. 1896లో కట్టారు, అసలు లూర్దు గుహలో ఏడో వంతు. వరసలు వరసలుగా కొవ్వొత్తులు, మైనం కాలే వాసన, రాళ్లకి పట్టిన మసి. పరీక్షల ముందు రాత్రి, ఇంటికి ఇంత దూరంలో ఉన్న పిల్లలు ఇక్కడికొచ్చి ఒక కొవ్వొత్తి వెలిగించి, కాసేపు కూర్చుని వెళ్తారు.