తోడు వేసే ముందు పాలకు ఏం చేశారు?

[తెర మీద: రెండు గిన్నెలు. ఒకదాంట్లో గడ్డ పెరుగు, ఇంకోదాంట్లో నీరు తేలిన పెరుగు]

నమస్కారం. ఈ రెండింటికీ తోడు ఒకటే, పాలూ ఒకే ప్యాకెట్‌వి. మొదటి పాలను బాగా కాచి, గోరువెచ్చగా చల్లార్చి తోడు వేశాం. రెండోవాటిని గోరువెచ్చగా చేశామంతే.

డెయిరీలో పాశ్చరైజ్ చేసిన పాలే కదా, మళ్లీ కాయడం ఎందుకు? పాశ్చరైజేషన్ అంటే సాధారణంగా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు. రోగాలు తెచ్చే క్రిములు చావడానికి అది చాలు, పెరుగు గట్టిపడటానికి చాలదు. అందుకే పెరుగు చేసే డెయిరీలు పాలను 85 డిగ్రీల దగ్గర అరగంటో, 90-95 దగ్గర 5 నిమిషాలో ఉంచుతాయి. ఆ వేడికి వే ప్రోటీన్ల (పాలు విరిగితే నీటిలో మిగిలే ప్రోటీన్ల) మడతలు విడిపోయి, పాలలోని ప్రధాన ప్రోటీన్ అయిన కేసీన్ కణాలకు అతుక్కుంటాయి. పులుపు పెరిగి పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 4.6 దగ్గరకు వచ్చేసరికి ఈ కణాలన్నీ అల్లుకుని వల కడతాయి. నీరు అందులోనే నిలుస్తుంది.

ఇంకో లాభం కూడా ఉంది. కాచినప్పుడు పాలలో కరిగిన ఆక్సిజన్ చాలావరకు పోతుంది. ప్రోబయోటిక్ పెరుగులో, అంటే ఒంటికి మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా కలిపిన పెరుగులో, వేసే బిఫిడో బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అస్సలు పడదు.

[తెర మీద: గేదె పాలు, డబుల్ టోన్డ్ ప్యాకెట్]

గేదె పాల పెరుగు కత్తితో కోసేలా ఉంటే ఆ గొప్పంతా వెన్నదే అనుకుంటాం. ప్రోటీన్‌కూ అందులో పెద్ద వాటా ఉంది. డబుల్ టోన్డ్ పాలలో వెన్న 1.5 శాతమే అయినా, వెన్న కాని ఘనపదార్థాలు (ప్రోటీన్ ఉండేది వీటిలోనే) 9 శాతం ఉండాలి. పల్చటి పాలలో కాస్త పాలపొడి కలిపితే పెరుగు గట్టిపడేది అందుకే.

ప్రోబయోటిక్ పెరుగు దగ్గర అసలు కష్టం వేరు. అందులో వేసే అసిడోఫిలస్, బిఫిడో రకాల బ్యాక్టీరియా పాల ప్రోటీన్‌ను సరిగా విడగొట్టుకోలేవు, నెమ్మదిగా పెరుగుతాయి. మామూలు యోగర్ట్ బ్యాక్టీరియా ప్రోటీన్‌ను విడగొట్టి వాటికి సాయం చేస్తుంది. కానీ ఫ్రిజ్‌లో పెట్టాక కూడా పులుపు పెంచుతూ వాటినే చంపేస్తుంది! పాలలో ప్రోటీన్ ఎక్కువుంటే పీహెచ్ అంత త్వరగా పడిపోదు. మన దేశంలో ప్రోబయోటిక్ అని అమ్మాలంటే రోజుకు తీసుకునే మోతాదులో కనీసం 10 కోట్ల బతికున్న బ్యాక్టీరియా ఉండాలి మరి.

[తెర మీద: పాల సేకరణ కేంద్రం]

పాడి రైతులకు ఒక్క మాట. పొదుగువాపుకు యాంటీబయోటిక్ వేసిన గేదె పాలు కొద్దిగా కలిసినా తోడు పని చేయకపోవచ్చు. కాచినా ఆ మందు పూర్తిగా పోదు. పశువైద్యుడు చెప్పిన గడువు ముగిసేదాకా ఆ పాలు కేంద్రంలో పోయకండి.