ట్రైనింగ్ రోజున ప్లాన్ తప్పితే

శ్రోతలకు నమస్కారం.

సేల్స్ ట్రైనింగ్ పెట్టుకున్న రోజే హైదరాబాద్‌లో కుండపోత వాన పడిందనుకోండి. అమీర్‌పేటలో హాలు బుక్ చేశారు. 30 మంది రావాలి, పదిన్నర దాటినా 12 మందే వచ్చారు. మిగతావాళ్లు ఎల్బీనగర్ నుంచో కూకట్‌పల్లి నుంచో ఫోన్లు చేస్తున్నారు. పైగా కరెంటు లేదు, ప్రొజెక్టర్ వెలగదు. ఇలాంటప్పుడు చాలాచోట్ల జరిగేది, ఆరు గంటల పాఠాన్ని రెండు గంటల్లో గబగబా అప్పజెప్పేయడం. స్లైడ్లన్నీ అయిపోతాయి గానీ రోల్‌ప్లేకి, అంటే ఒకరు అమ్మేవారిగా ఒకరు కొనేవారిగా నటించి చూసే ప్రాక్టీసుకి టైం మిగలదు. అమ్మకం వింటే రాదు, నోటితో అనుకుంటే వస్తుంది. కాబట్టి కోత పెట్టాల్సింది ఉపన్యాసానికి, ప్రాక్టీసుకు కాదు.

ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇక్కడ కూర్చున్నవాళ్లు రేపు కౌంటర్ దగ్గర ఏ ఒక్క పని బాగా చేయాలి? అవసరం అడిగి తెలుసుకోవడమా, ధర చెప్పడమా, బిల్లు దాకా తీసుకురావడమా? ఒక్కటే ఎంచుకోండి. రెండు పెట్టుకుంటే రెండూ అరకొరగానే మిగులుతాయి.

తర్వాత ముగ్గురేసి చొప్పున జట్లు కట్టండి. ఒకరు అమ్మాలి, ఒకరు కొనాలి, ఒకరు చూడాలి. 4 నిమిషాలు బేరం, 2 నిమిషాలు చూసినవారి మాట. ముగ్గురి వంతూ అయ్యేసరికి 18 నిమిషాలు. చూసేవారు ‘బాగా చేశావు’ అని వదిలేస్తే లాభం లేదు. కాగితం మీద మూడు సంగతులు రాయాలి. ధర చెప్పేముందు ఎన్ని ప్రశ్నలు అడిగారు? ధర చెప్పాక కాసేపు ఆగారా, లేక కస్టమర్ నోరు విప్పకముందే డిస్కౌంట్ అన్నారా? చివర్లో ‘బిల్లు వేయమంటారా?’ అని అడిగారా? ఎక్కువమంది తడబడేది రెండోదాని దగ్గరే. ఇంకో మాట, మేనేజర్‌ని జట్టు పక్కన నిలబెట్టకండి. కొత్తవాళ్లకు నోరు పెగలదు.

ఒక్కోసారి హాలు బాగానే ఉంటుంది, పాఠమే పాతబడిపోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ ఏడాది దసరా అక్టోబర్ 2న. పండగ సీజన్ కోసం పాత ధరలతో తయారుచేసుకున్న పాఠం పనికిరాకుండా పోయింది. అలాంటప్పుడు కొత్త ధరల లిస్టు పంచి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే కస్టమర్ కొత్త ప్రశ్నతో వస్తారు. పన్ను కలపకముందు 30,000 రూపాయలున్న ఏసీ అప్పుడు 38,400, ఇప్పుడు 35,400. తగ్గింది 3,000. కస్టమరేమో ‘పది శాతం తగ్గిందన్నారుగా, 3,840 తగ్గాలి కదా?’ అంటారు. పన్ను లెక్కకట్టేది 38,400 మీద కాదు, 30,000 మీద. కాగితం తీసి ఆ లెక్క వేసి చూపించాలి. అది చేతకాని సేల్స్‌మన్ కంగారులో మిగతా 840 షాపు జేబులోంచి ఇచ్చేస్తాడు. ఆ రోజు రోల్‌ప్లే అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నడపండి.

ఇక వానలో చిక్కుకున్నవాళ్ల సంగతి. హాల్లో సగంమంది, వీడియో కాల్‌లో సగంమంది అంటే కాల్‌లో ఉన్నవాళ్లు ప్రేక్షకులైపోతారు. దానికంటే ఇంటి దగ్గరున్నవారిని ముగ్గురేసి మామూలు కాన్ఫరెన్స్ కాల్‌లో కలపండి. అవే 18 నిమిషాలు, అవే మూడు ప్రశ్నలు. ముఖం కనబడదు కాబట్టి ధర చెప్పాక ఎంతసేపు ఆగారో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. బస్సులో, మెట్రోలో ఉన్నవాళ్లను మాత్రం ఇబ్బంది పెట్టకండి. సాయంత్రంలోగా 60 సెకన్ల వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో ధర ఎలా చెబుతారో పంపితే చాలు.

హాలుకూ కాన్ఫరెన్స్ కాల్‌కూ రాలేనివారికి వారంలోపే, మధ్యాహ్నం గిరాకీ పల్చగా ఉన్నప్పుడు షాపులోనే అరగంట కేటాయించండి. పాఠం మళ్లీ మొదటి నుంచీ చెప్పనక్కర్లేదు. ఆ రోజు హాజరైన ఇద్దరిని వారికి జట్టుగా ఇచ్చి, నేరుగా బేరంతోనే మొదలుపెట్టించండి.