తెల్లగుడ్డుకి తెల్ల రంగు వేయకు: ఆయిల్ పోర్ట్రెయిట్ కబుర్లు

హోస్ట్: అక్కా, నేరుగా అడిగేస్తా. పోర్ట్రెయిట్ మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ స్కిన్ కలర్ ఎలా కలపాలి అనే అడుగుతారు కదా, మీరేమో ముందు రంగుల జోలికే పోవద్దంటారు, ఎందుకని?

ఆర్టిస్ట్: ఎందుకంటే మొహంలో పోలిక తెచ్చేది వెలుగునీడలు తమ్ముడూ. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో అమ్మని గుర్తుపట్టట్లేదా మనం? అందుకే పాతకాలం పెయింటర్లు చాలామంది ముందు ఒక్క రంగులోనే మొహమంతా వేసుకునేవాళ్ళు, బూడిద రంగులో వేస్తే దాన్ని గ్రిజాయ్ అంటారు, అది ఆరాక పైన పల్చగా గ్లేజులు, అంటే కిందది కనిపించేలా వేసే రంగు పూతలు, ఒక పొర మీద ఇంకో పొర. యూరప్ పెయింటర్ యాన్ వాన్ ఐక్ 1430ల్లోనే ఇలా పల్చటి పొరలతో వేశాడు, ఇప్పటికీ ఆ మొహాలు లోపల్నించి వెలుగుతున్నట్టే ఉంటాయి.

హోస్ట్: ఆరాక అన్నారు, ఎన్నాళ్ళు పడుతుంది?

ఆర్టిస్ట్: ఇక్కడే ఓపిక అయిపోతుంది చాలామందికి. ఆయిల్ రంగుల్లో కలిపే అవిసె నూనె నీళ్ళలా ఆవిరై ఆరదు, గాల్లో ఆక్సిజన్ పట్టుకుని మెల్లగా గట్టిపడుతుంది. అంబర్ అనే గోధుమ మట్టి రంగులో మాంగనీస్ ఉంటుంది కాబట్టి త్వరగా ఆరుతుంది, ఐవరీ బ్లాక్ అనే నలుపు మాత్రం రోజులతరబడి జిగురుగానే ఉంటుంది, అందుకే నేను కింద పొర అంబర్‌తోనే వేయిస్తా. ఇంకోటి, కింద నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. తిరగేశావో, పైది ముందు ఆరిపోతుంది, కిందది ఇంకా కదులుతూనే ఉంటుంది, పగుళ్ళొస్తాయి. నా మొదటి పోర్ట్రెయిట్ అలాగే పోయింది, చెంప మీద సరిగ్గా వెలుగు పడే చోట పగిలింది, చాలా బాధేసింది.

హోస్ట్: అయ్యో. మరి ఎన్ని ట్యూబులు కావాలి?

ఆర్టిస్ట్: నాలుగు చాలు. స్వీడన్ పెయింటర్ ఆండర్స్ జోర్న్ పేరు మీద ఒక పాలెట్, అంటే రంగుల సెట్ ఉంది, యెల్లో ఓకర్ అనే పసుపు మట్టి రంగు, వెర్మిలియన్ అనే ఎరుపు, ఐవరీ బ్లాక్, వైట్. వెర్మిలియన్‌లో పాదరసం ఉంటుంది, ఇప్పుడు చాలామంది బదులుగా కాడ్మియం రెడ్ వాడుతున్నారు. బ్లూ అసలు లేదు చూడు, నలుపూ తెలుపూ కలిపిన బూడిద ఎరుపు పక్కన పడితే నీలంగా కనిపిస్తుంది.

హోస్ట్: కళ్ళ సంగతి?

ఆర్టిస్ట్: తెల్లగుడ్డుకి తెల్ల రంగు వేయకు. అది గుండ్రటి బంతి, పైరెప్ప నీడ దాని మీద పడుతుంది. కాగితానికి చిన్న కన్నం పెట్టి అందులోంచి ఎదుటి మనిషి తెల్లగుడ్డు ఒక్కటే చూడు, ఎంత మసగ్గా ఉంటుందో, మొదటిసారి నేనైతే నమ్మలేదు. తెలుపంతా దాచుకుని చివర్లో కనుపాప మీద మెరుపుకి ఒక్క చుక్క పెట్టు, బ్రష్ ఒక్కసారే తాకించు, మళ్ళీ సర్దకు.

హోస్ట్: తప్పు చోట పడితే?

ఆర్టిస్ట్: గుడ్డతో తుడిచేసి మళ్ళీ పెట్టు, కింద పొర ఆరిపోయి ఉంటుంది కదా, ఏమీ కాదు.